ఒక్క బల్ల మీద జిల్లా అంతా

చెరువు కింద ఏ మడికి ఎప్పుడు నీరు పారాలో చూసేవాడు నీరటి. ఆయకట్టు రైతులు కూర్చుని వంతులు నిర్ణయిస్తారు. తూము తాళం నీరటి చేతికి ఇస్తారు. ఆ తరువాత ఊరి పెద్ద ప్రతి గట్టు మీదికి వచ్చి నిలబడడు. నీరటి పక్షపాతం చూపితే నలుగురిలో పిలిచి అడుగుతారు. పని అప్పగించడమంటే ఇంతే. పల్లె జనానికి తరతరాలుగా తెలిసిన ఈ పద్ధతి ప్రభుత్వ కచేరీలకు మాత్రం ఎందుకో ఒంటబట్టడం లేదు.

తెలంగాణలో భూమి కాగితాల వ్యవహారమే ఇందుకు సాక్ష్యం. 2020 సెప్టెంబరులో చట్టం చేసి గ్రామ రెవెన్యూ అధికారుల పదవులను రద్దు చేశారు. అదే ఏడాది అక్టోబరు 29న ధరణి పోర్టల్ ప్రారంభమైంది. కింది స్థాయిలో లంచాలు పెరిగాయి, రికార్డులు తారుమారవుతున్నాయి, కనుక మధ్యలో మనిషి ప్రమేయం లేకుండా చేయాలన్నది అప్పటి ప్రభుత్వ వాదన. ఆ వాదనలో నిజం లేకపోలేదు. రికార్డు సక్రమంగా ఉన్న రైతు స్లాటు పెట్టుకుని తహశీల్దారు కార్యాలయానికి వెళితే రిజిస్ట్రేషను, పేరు మార్పిడి ఒకే రోజు పూర్తయిన మాట కూడా వాస్తవమే.

చిక్కంతా రికార్డు సక్రమంగా లేని రైతుకు వచ్చింది. పేరులో ఒక అక్షరం తప్పు. విస్తీర్ణంలో రెండు గుంటలు తక్కువ. సర్వే నంబరు అసలే కనిపించదు. సొంత పట్టా భూమి నిషేధిత జాబితాలోకి ఎక్కి కూర్చుంటుంది. ఇవన్నీ ఆ రైతు చేసిన తప్పులు కావు. కానీ వీటిని సరిదిద్దే అధికారం ఊళ్లో లేదు, మండలంలో లేదు. చాలా రకాల అర్జీలు నేరుగా జిల్లా కలెక్టరు లాగిన్‌లోకే వెళ్లి చేరేవి.

కలెక్టరు రోజు ఎలా గడుస్తుందో ఒకసారి ఆలోచించాలి. వరదలొస్తే ఆయనే, ఎన్నికలొస్తే ఆయనే. వడ్ల కొనుగోలు కేంద్రాలు, ఆసుపత్రులు, హాస్టళ్లు, మంత్రుల పర్యటనలు, రాజధాని నుంచి వీడియో కాన్ఫరెన్సులు, సోమవారం ప్రజావాణి. వీటి మధ్య ఖాళీ దొరికితే మారుమూల పల్లెలో రెండు గుంటల తేడా సంగతి. ఎంత సమర్థుడైనా రోజుకు ఇరవై నాలుగు గంటలే గదా!

ఇంతకూ ఆయన ఆ పొలం చూశారా అంటే లేదు, చూడడం సాధ్యమూ కాదు. అర్జీని విచారణకు తహశీల్దారుకు పంపుతారు. తహశీల్దారు గిర్దావరుకు చెబుతారు. గిర్దావరు పాత పహాణీ తిరగేసి, ఇరుగుపొరుగు రైతులను అడిగి నివేదిక రాస్తాడు. అది మళ్లీ మెట్లెక్కి పైకి పోతుంది. అంటే పని చేసింది మొదటి నుంచీ కింది ఉద్యోగులే. పని కింద, పెన్ను పైన. పెన్ను ఖాళీ అయ్యేదాకా నివేదిక వరుసలో నిలబడుతుంది, దాని వెనక రైతు నిలబడతాడు.

ఆ నిలబడడానికి ఖర్చు ఉంది. బస్సు చార్జీ, జిరాక్సు, ఒక రోజు కూలి. నాట్ల కాలమైతే కూలి ఒక్కటే కాదు, అదను కూడా పోతుంది. పాసు పుస్తకం చేతికి రాకుంటే బ్యాంకు పంట రుణం ఇవ్వదు, అప్పట్లో రైతుబంధు సొమ్ము ఖాతాలో పడేది కాదు. బిడ్డ పెళ్లికి ఎకరం అమ్ముదామన్నా కొనేవాడు ముందుకు రాడు. 2024 ఫిబ్రవరి నాటికి రాష్ట్రంలో ఇలా పెండింగులో ఉన్న అర్జీలు సుమారు 2.45 లక్షలు! ఈ రెండున్నర లక్షల కుటుంబాలు ఎన్ని దినాలు కచేరీ వరండాల్లో పోగొట్టుకున్నాయో ఏ రిజిస్టరులోనూ నమోదు కాలేదు.

ఆ నెలాఖరులో ప్రభుత్వం ఒక సర్క్యులరు జారీ చేసింది. ఖాతాల విలీనం, అసైన్డు భూముల విరాసత్ వంటివి తహశీల్దారే తేల్చవచ్చునని, మరికొన్ని ఆర్డీఓ, ఇంకొన్ని అదనపు కలెక్టరు చూడాలని, మిగిలిన జటిలమైనవి మాత్రం కలెక్టరు వద్దకు వెళ్లాలని విభజించింది. తహశీల్దారుకు ఏడు రోజులు, ఆర్డీఓకు మూడు రోజులు అని గడువులు కూడా పెట్టింది. ఇందుకు కొత్త భవనం కట్టలేదు, కొత్త చట్టం తేలేదు. ఉన్న ఉద్యోగులే, ఉన్న కంప్యూటర్లే. ఎవరు నిర్ణయించాలన్నది మాత్రమే మారింది. మూడేళ్ల ముందే ఈ మాట ఎవరికీ తోచలేదంటే నమ్మడం కష్టం.

కింది వాడికి అధికారమిస్తే మళ్లీ లంచాల రాజ్యమే వస్తుందని కొందరి భయం. ఈ భయాన్ని తోసిపుచ్చడానికి వీల్లేదు. 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయ్యేదాకా ఊరి భూమి లెక్కలు పట్వారీ ఇంట్లో పెట్టెలో ఉండేవి. ఆయన రాసిందే హద్దు, చెప్పిందే శిస్తు. అడిగే నాథుడు లేడు. అయితే అక్కడ జరిగిన అనర్థానికి కారణం అధికారం ఊళ్లో ఉండడం కాదు, దానికి లెక్క చెప్పే బాధ్యత లేకపోవడం. రోగం అది కాగా, అధికారాన్ని మొత్తం పెరికి జిల్లా కేంద్రంలో నాటితే ఏమవుతుందో 2020 తరువాత చూశాం గదా.

అధికారం కిందికి ఇచ్చినా పైవాడికి బాధ్యత తీరదు. ఉత్తర్వు కారణాలతో సహా రాతపూర్వకంగా ఉండాలి. నచ్చని వారికి పైన ఇంకొక తలుపు తెరిచి ఉండాలి. 2020 చట్టంలో ఈ తలుపు సరిగా లేక, చిన్న తగాదాకు కూడా సివిల్ కోర్టుకు పొమ్మన్నారు. 2025లో అమలులోకి వచ్చిన భూభారతి చట్టం తహశీల్దారు ఉత్తర్వుపై ఆర్డీఓకు, ఆపైన కలెక్టరుకు అప్పీలు చేసుకునే వీలు కల్పించింది. ఇది మంచి మార్పు.

అయితే జిల్లా స్థాయిలో తగ్గిన జబ్బు మండలంలో తిష్ట వేసే ప్రమాదం కనిపిస్తున్నది. తహశీల్దారే జాయింటు సబ్ రిజిస్ట్రారు. కుల, ఆదాయ ధ్రువపత్రాల సంతకాలూ ఆయనవే. విచారణలు, ప్రోటోకాల్, ఎన్నికల పని అదనం. ఆయన సమావేశానికి వెళితే కచేరీ మొత్తం నిద్రపోతుంది. పక్క గదిలో నాయబ్ తహశీల్దారు ఉంటారు, గిర్దావరు ఉంటారు. అడిగితే ‘సారు రావాలె’ అంటారు. తప్పు వారిది కాదు. ఏది తాము తేల్చవచ్చునో వారికి ఎవరూ రాసి ఇవ్వలేదు.

తహశీల్దార్లు ఎందుకు రాసి ఇవ్వరన్నదానికీ కారణముంది. కింది ఉద్యోగి పొరపాటు చేస్తే సస్పెన్షను ఉత్తర్వు తమ పేరునే వస్తుందని వారి బెదురు. దురుద్దేశంతో చేసిన పనికి, శ్రద్ధగా చేసినా దొర్లిన పొరపాటుకు ఒకే శిక్ష వేసినంత కాలం ఏ అధికారీ తాళం చేయి మరొకరికి ఇవ్వడు. ఈ విషయం ఆలోచించవలసింది జిల్లా అధికారులు. రైతులు మండలానికి చేరే ఉదయం వేళలోనే వీడియో కాన్ఫరెన్సు పెట్టే అలవాటు మానుకోవలసిందీ వారే. జనం వచ్చే సమయం బస్సు టైమును బట్టి ఉంటుంది, రాజధాని గడియారాన్ని బట్టి కాదు.

ఇక 2025 సెప్టెంబరులో గ్రామ పాలనాధికారులకు నియామక పత్రాలు అందాయి. పల్లెకు మళ్లీ ఒక రెవెన్యూ మనిషి వచ్చాడని సంతోషించినవారు చాలామంది. ఆయన చేతికి ఏమి ఇస్తారన్నదే ప్రశ్న. నివేదిక రాసి పైకి పంపడం వరకే ఆయన పని అయితే, పాత నిచ్చెనకు అడుగున ఇంకొక మెట్టు చేర్చినట్టే. అలా కాక, తగాదా లేని చిన్న పనుల్లో కొన్నింటిని ఊళ్లోనే ముగించే అధికారమిచ్చి, తహశీల్దారు నెలకొకసారి వాటిలో కొన్నింటిని తీసి పరిశీలిస్తే మండల కచేరీ ముందు సగం రద్దీ తగ్గుతుంది.

ప్రతి మండల కార్యాలయం గోడ మీద ఏ పని ఎవరు తేల్చాలో, ఎన్ని రోజుల్లో తేల్చాలో, ఆ అధికారి సెలవులో ఉంటే ఎవరు చూడాలో తెలుగులో పెద్ద అక్షరాలతో బోర్డు కట్టాలి. అర్జీ తీసుకున్నాక ఇచ్చే రశీదు మీద కూడా గడువు తేదీ, నిర్ణయించవలసిన అధికారి హోదా ఉండాలి. దీనికి శాసనసభ సమావేశం అక్కరలేదు, ఒక రబ్బరు ముద్ర చాలు.