అప్పు దావాలో లెక్క ఎక్కడ?

పాశమైలారంలో పనిచేసే కార్మికుడొకరు బైకు కోసం 80,000 రూపాయల ఫైనాన్సు తీసుకున్నాడనుకోండి. కొన్ని కిస్తీలు కట్టాడు, కొన్ని తప్పాయి. కొన్నాళ్లకు సంగారెడ్డి కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. దావా ప్రతిలో బాకీ 1,30,000 అని ఉంది. అందులో అసలెంత, వడ్డీ ఏ తేదీ నుంచి ఎంత శాతం, కట్టిన కిస్తీలు దేని కింద జమయ్యాయి అన్న వివరం మాత్రం లేదు. అతను ఏం చేయాలి?

ఇంగ్లండ్‌లో ఈ ప్రశ్న కోర్టు దాకా రాకముందే తేలాలి. వ్యక్తుల మీద వ్యాపార సంస్థలు వేసే అప్పు దావాలకు అక్కడ 2017 అక్టోబరు 1 నుంచి ఒక ముందస్తు విధానం అమల్లో ఉంది. వడ్డీ, చార్జీలు ఎలా పడ్డాయో చెబుతూ, జవాబు ఫారం జతచేసి, అప్పిచ్చినవారు ముందుగా ఉత్తరం పంపాలి. జవాబుకు 30 రోజుల గడువు. అప్పుపడినవారు కాగితాలు అడిగితే మరో 30 రోజుల్లో ఇవ్వాలి, లేదా ఎందుకు ఇవ్వలేరో చెప్పాలి.

కాలిఫోర్నియాలో మరో పద్ధతి. ‘మీరు రాసిందంతా నిజమే అనుకున్నా, అందులో దావాకు తగిన కారణం ఎక్కడుంది?’ అని ప్రతివాది మొదట్లోనే అభ్యంతరం పెట్టవచ్చు. దాన్ని డెమరర్ అంటారు. అయితే అది దాఖలు చేసే ముందు ఇరుపక్షాలూ మాట్లాడుకుని లోపం సరిదిద్దుకునే ప్రయత్నం చేయాలి. మొండి బాకీలను కొని వసూలు చేసే సంస్థలకు 2014 నుంచి నిబంధనలు ఇంకా గట్టివి. అప్పు మొదట ఎవరిది, తర్వాత ఎవరెవరి చేతులు మారింది, చివరి చెల్లింపు ఎప్పుడు జరిగింది అన్నవి దావాలోనే రాయాలి. ఇంత ఉన్నా అమెరికాలో ఎందరో ప్రతివాదులు కోర్టు గడప తొక్కకుండానే ఓడిపోతున్నారు. నిబంధన ఉన్నంత మాత్రాన పని జరగదు.

మన చట్టమూ తక్కువదేమీ కాదు. వ్యాజ్య కారణం కనిపించని దావాను, కాలదోషం పట్టిందని దావాలోని మాటలే చెబుతున్న దావాను సివిల్ ప్రొసీజర్ కోడ్ 7వ ఆర్డరు 11వ రూలు కింద తిరస్కరించవచ్చు. తెలివైన రాతతో లేని కారణాన్ని ఉన్నట్టు చూపితే మొదట్లోనే తుంచేయాలని సుప్రీంకోర్టు 1977లోనే అరివందందం కేసులో చెప్పింది. చిక్కంతా మన అలవాటులో ఉంది. ఆ అభ్యంతరాన్ని లెక్క రాబట్టడానికి కాక, కేసు సాగదీయడానికి వాడతాం. లేదంటే ‘వాది చెప్పిందంతా అబద్ధం’ అని జవాబు దావా వేసి ఊరుకుంటాం. డబ్బు ముట్టిందన్న ఆరోపణకు ఆ మొత్తం ముట్టలేదంటే చాలదని, అసలేమీ ముట్టలేదనో, ముట్టింది ఇంత అనో చెప్పాలని 8వ ఆర్డరు అంటుంది. లెక్క చెప్పే బాధ్యత రెండు వైపులా ఉంది.

పరాయి దేశం దాకా పోకుండానే మన ఇంట్లోనే ఒక మంచి నమూనా ఉంది. 2015 వాణిజ్య కోర్టుల చట్టం అదే కోడ్‌లో 7వ ఆర్డరు 2ఏ రూలును చేర్చింది. వడ్డీ కోరే వాది అది ఒప్పందం ప్రకారమా, చట్టం ప్రకారమా, రేటెంత, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, రోజుకెంత అన్నది దావాలోనే చూపాలి. కానీ 2018 సవరణ తర్వాత ఇది కనీసం 3 లక్షల రూపాయల విలువున్న వాణిజ్య వివాదాలకే వర్తిస్తుంది. పటాన్‌చెరులో ఫ్యాక్టరీకి సరుకిచ్చి 10 లక్షల కోసం దావా వేసే వ్యాపారి వడ్డీ లెక్క విప్పి చెప్పాలి. బైకు అప్పు మీద దావా వేసే ఫైనాన్సు సంస్థకు ఆ రూలు వర్తించదు. లెక్క ఎక్కువ అవసరమైనవాడికే తక్కువ లెక్క దొరుకుతోంది.

దీన్ని సరిచేయడానికి పార్లమెంటు దాకా పోనక్కర్లేదు. కోడ్ మొదటి షెడ్యూలులోని రూళ్లను సవరించే అధికారం 122వ సెక్షను కింద హైకోర్టులకు ఉంది. 2ఏ రూలును మామూలు అప్పు దావాలకూ వర్తింపజేస్తే సగం పని అవుతుంది. మిగతా సగం అడగడంలో ఉంది. 1987 న్యాయసేవల చట్టం పారిశ్రామిక కార్మికులకు ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఇచ్చింది. సమన్లు అందిన రోజే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లి, అసలెంత, వడ్డీ ఎంత, నేను కట్టింది ఎక్కడ జమైంది అన్న మూడు ప్రశ్నలతో జవాబు మొదలుపెట్టించుకోవచ్చు.