మోటారు బీమా - బాటసారి హక్కు

మన దేశమున బహిరంగమార్గములందు కారు నడుపువాడు నాలుగు పత్రములు కలిగియుండవలెను: నడుపువానికి లైసెన్సు, బండికి రిజిస్ట్రేషను, థర్డుపార్టీ బీమా, ఏడాది దాటిన బండికి పొగపరీక్ష ధ్రువపత్రము. 2018 నుండి డిజిలాకరునందలి ప్రతులును చెల్లుచున్నవి గావున ఇంట మరచితిమను సాకునకు తావు లేదు. అయినను మనవారిలో పెక్కురు వీనిని పోలీసువారి బారినుండి కాపాడు తాయెత్తులుగ మాత్రమే భావించుచున్నారు.

వీనిలో థర్డుపార్టీ బీమా యజమాని మేలునకై ఏర్పడినది కాదు. అతని బండికి కలుగు నష్టమును అది తీర్చదు. బండి క్రింద పడిన బాటసారికిని, వాని ఆలుబిడ్డలకును పరిహారము ముట్టుటకై 1939వ సంవత్సరపు చట్టము దీనిని నిర్బంధము చేసెను. నేడు అమలునందున్న 1988వ సంవత్సరపు చట్టమును 146వ సెక్షనున అట్లే శాసించుచున్నది. బీమా లేనిచో ఆ భారమంతయు యజమానిపై బడును. ఆస్తిగలవాడు పొలమమ్మి తీర్చుకొనును. ఆస్తిలేనివాని బండి క్రింద పడినవారికి దక్కునది తీర్పుకాగితము మాత్రమే.

ఇక శిక్షను విచారింతము. బీమా లేక నడిపినచో 2019 సవరణ ననుసరించి మొదటి తప్పునకు జరిమానా 2,000 రూపాయలు; మూడు నెలలవరకు ఖైదునకును అవకాశము కలదు. 1000కి మించి 1500 సి.సి. వరకుగల కారునకు 2022లో నిర్ణయించిన ఏటి ప్రీమియము 3,416 రూపాయలు. చట్టమును పాటించుటకన్న మీరుటయే చౌకయైనచో జనులు ఏ త్రోవ పట్టుదురో వేరుగ చెప్పనేల? జరిమానా ప్రీమియమునకు మించునట్లు ప్రభుత్వము సవరింపవలెను. అంతవరకు వేచియుండక, కారు గలవారు తమ బీమా గడువును నేడే చూచుకొనుట కర్తవ్యము.