ఆశకు పట్టా ఎవరి పేర ఉంది?

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతపు స్త్రీలకు భవిష్యత్తు మీద ఆశ లేదనీ, ముందు వాళ్ల ఆలోచన మారాలనీ, అందుకు ఆత్మవిశ్వాస శిక్షణ ఇవ్వాలనీ తరచు వింటున్నాం. అధికారులు అంటారు, స్వచ్ఛంద సంస్థలూ అంటాయి. ఈ మాటను మనం ఒప్పుకోకూడదు. ఆశ మనసులో దానంతటది పుట్టే గుణం కాదు. భూమిలాగే, నీటిలాగే అది కూడా కులాన్ని బట్టి, వర్గాన్ని బట్టి, ఆడా మగా తేడాను బట్టి పంపిణీ అవుతోంది.

వెలిగొండనే తీసుకుందాం. 1996లో శంకుస్థాపన చేశారు. శ్రీశైలం జలాశయం నుంచి రెండు సొరంగాల ద్వారా కృష్ణా నీళ్లు తెచ్చి 4.47 లక్షల ఎకరాలకు సాగునీరు, 15.25 లక్షల మందికి తాగునీరు ఇస్తామన్నారు. 2024 మార్చిలో, నీళ్లు పారకుండానే, ప్రాజెక్టును జాతికి అంకితం చేశారు. శంకుస్థాపన నాడు పుట్టిన ఆడపిల్లకు అప్పటికి 28 ఏళ్లు. ఆ ఏళ్లన్నీ ఫ్లోరైడు నీళ్లతో, ట్యాంకరు దగ్గర బిందెల వరసలో గడిపిన మనిషి ఇంకో హామీని నమ్మకపోతే అది నిరాశా, వివేకమా? మాట తప్పినవాళ్లను వదిలేసి, మాట నమ్మనివాళ్లకా శిక్షణ?

పైగా ఒకే ఊళ్లో అందరి ఆశా ఒకటి కాదు. ఎకరాల లెక్క పట్టా ఉన్నవాళ్లది. భూమిలేని దళిత స్త్రీది బిందెల లెక్క. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు సమాన హక్కు ఇస్తూ మన రాష్ట్రం 1986లోనే చట్టం చేసింది. అయినా పట్టాదారు అంటే మగవాడే అనుకోవడం పోలేదు. కరువుకు వలసపోయే తల్లి ఎదిగిన కూతుర్ని ఎవరి దగ్గర వదలాలి? చివరికి పెళ్లే రక్షణ అనిపిస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 20-24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. పదహారేళ్లకే అత్తారింటికి పంపిన పిల్లను భవిష్యత్తు గురించి అడగడం క్రూరమైన పరిహాసం.

ఆకాంక్షించే శక్తి కూడా పేదలకు అసమానంగానే దక్కుతుందని అర్జున్ అప్పదురై 2004లో రాశారు. మన స్త్రీలు అంతకు ముందే ఇంకొక సంగతి నిరూపించారు. పక్కనున్న నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో అక్షరాలు నేర్చుకుంటున్న స్త్రీలకు ఎవరూ ముందుగా ఆశ బోధించలేదు. కలిసి కూర్చున్నారు, మాట్లాడుకున్నారు, సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. 1993లో ప్రభుత్వం సారాను నిషేధించక తప్పలేదు. ఆశ ఉండి వాళ్లు కదల్లేదు, కదిలాక ఆశ పుట్టింది.

2025 ముగిసేసరికి మార్కాపురం జిల్లా కేంద్రమైంది. ఒంగోలు దూరమన్న సాకు ఇక చెల్లదు. ఇంటింటికీ మంచినీళ్లు, స్త్రీల పేర పట్టాలు, వలస కుటుంబాల ఆడపిల్లలకు హాస్టళ్లు, వెలిగొండ పనులపై స్త్రీలు కూర్చుని జరిపే బహిరంగ విచారణ - వీటిని అడుగుదాం. శిక్షణ ఇవ్వాల్సింది ఎవరికో అప్పుడు తేలుతుంది.