ఆదివారం బస్సు ఒకటి వేయండి

విశాఖకు చుట్టాలొస్తే బీచ్, కైలాసగిరి తిప్పుతాం, మర్నాడు అరకు రైలెక్కిస్తాం. అనకాపల్లి పక్కన శంకరం ఊళ్లో ఉన్న బౌద్ధ క్షేత్రం బొజ్జన్నకొండ ఎవరికీ గుర్తు రాదు. ఉన్నది నలభై కిలోమీటర్ల దూరమే. పొద్దున్నే అక్కడికి వెళ్లి, మధ్యాహ్నం భీమిలి రోడ్డు పట్టుకుంటే అటున్న బౌద్ధ క్షేత్రాలు తొట్లకొండ, బావికొండ కూడా చూసి చీకటి పడేలోగా ఇల్లు చేరొచ్చు.

బొజ్జన్నకొండ పెద్ద గుహలో కొండను తొలిచి నిలిపిన పదహారు స్తంభాలున్నాయి, వాటిలో కొన్ని విరిగాయి. నడుమ అదే రాతిలో మలిచిన స్తూపం, దాని చుట్టూ ప్రదక్షిణ దారి. తలెత్తితే పైకప్పులో చెక్కిన గొడుగు కనిపిస్తుంది. ఆ గొడుగును స్తూపంతో కలిపిన కాడ ఎప్పుడో పోయింది. ఇదంతా చెప్పేవాళ్లు పక్కన లేకపోతే వచ్చినవాళ్లు సెల్ఫీ దిగి వెళ్లిపోతారు. వాళ్లను తప్పుపట్టి లాభం లేదు.

బొజ్జన్నకొండ కేంద్ర పురావస్తు శాఖది, తొట్లకొండ, బావికొండ రాష్ట్ర శాఖవి. చూసేవాడికి ఈ సరిహద్దులతో పనేముంది? రెండు శాఖలూ పర్యాటక శాఖతో కూర్చుని మూడు కొండలనూ కలుపుతూ ఆదివారం బస్సు నడపాలి. శంకరం కుర్రాళ్లకే శిక్షణ ఇచ్చి, రుసుము ఖరారు చేసి గైడ్లుగా పెట్టాలి. తొట్లకొండలో పునర్నిర్మించిన మహాస్తూపం 2019 అక్టోబరు వానలకు కొంత కూలింది. కాబట్టి ప్రచార పోస్టర్ల కంటే ముందు, ఏటా వానలకు మునుపే కట్టడాల తనిఖీ జరగాలి. ఆ నివేదికను జనం ముందు పెట్టాలి.