వాము నీళ్లే వైద్యమా?

తమిళంలో ఓమం, కన్నడంలో ఓమ, మరాఠీలో ఓవా, ఒడియాలో జుఆణి. పేరు ఏదైనా తెలుగింటి పోపులపెట్టెలో అది వామే. హోసూరు, బళ్లారి మొదలు సిరోంచ, రాయగడ దాకా ఆడపిల్లకు నెలసరి నొప్పి వస్తే ఇంట్లో పెద్దవాళ్లు మొదట కాచి ఇచ్చేది ఆ నీళ్లే. ఇందులో తప్పుపట్టాల్సిందేమీ లేదు. దాంతోనే వైద్యం అయిపోయిందనుకోవడం దగ్గరే చిక్కంతా.

నెలసరి సమయంలో గర్భాశయం పొరలో ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారవుతాయి. వాటివల్ల గర్భాశయం బిగుసుకుని పొత్తికడుపులో, నడుములో నొప్పి పుడుతుంది. రెండు మూడు రోజులుండి తగ్గిపోయే మామూలు నొప్పికి ఇంటి వైద్యం కొంత పనికొస్తుంది. తొలి మూడు నాలుగు రోజులు రోజుకు ముప్పావు గ్రాము నుంచి 2 గ్రాముల దాకా శొంఠిపొడి తీసుకున్నవారికి నొప్పి తగ్గినట్టు కొన్ని పరీక్షల్లో కనిపించింది. వేడినీళ్ల కాపడం కూడా ఉపశమనం ఇస్తుంది. అయితే 2016లో కాక్రేన్ సంస్థ పరిశోధనలన్నీ జల్లెడపట్టి, శొంఠి, మెంతులు సహా దేనికీ గట్టి రుజువు లేదని తేల్చింది. వంటింటి దినుసులు వాడవద్దని దీని అర్థం కాదు. వాటినే నమ్ముకుని కూర్చోరాదని మాత్రమే.

సంతల్లో పేరూ ఊరూ లేని పొట్లాల్లో అమ్మే చూర్ణాలు, భస్మాల సంగతి వేరు. అలాంటి మందుల్లో సీసం, పాదరసం బయటపడిన సందర్భాలున్నాయి. వాటి జోలికి పోకపోవడమే మేలు. మరోవైపు, డాక్టరు రాసే నొప్పి మాత్రలు మింగితే రేపు పిల్లలు పుట్టరన్న భయం ఇంకా పోలేదు. దానికి ఆధారం లేదు. కడుపులో పుండు, ఉబ్బసం ఉంటే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి, అంతే.

నొప్పితో ప్రతి నెలా బడి మానేయాల్సి వచ్చినా, నెలనెలా నొప్పి పెరుగుతున్నా, రక్తస్రావం ఏడు రోజులు దాటినా, గంట రెండు గంటలకే ప్యాడ్ తడిసిపోతున్నా ఇక కషాయాలతో కాలం గడపరాదు. ఎండోమెట్రియోసిస్ అనే జబ్బు సుమారు 10 మంది స్త్రీలలో ఒకరికి ఉంటుంది. అది బయటపడేసరికి ఏళ్లు గడిచిపోవడం మామూలు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. అధిక రక్తస్రావం దాన్ని ఇంకా ముదరబెడుతుంది.

సరిహద్దు ఊళ్లలో దీనికి భాష తోడైంది. ఆసుపత్రిలో తల్లికి అక్కడి భాష రాదు. బడిలో ఆ భాష నేర్చిన పిల్లకు చెప్పుకోవడానికి సిగ్గు. ఎదుట మగ డాక్టరుంటే నోరే పెగలదు. "పెళ్లయితే అదే పోతుందిలే" అనుకుంటూ ఇంటిదారి పడతారు. కౌమార వయసు వారి కోసం కర్ణాటకలో స్నేహ, మహారాష్ట్రలో మైత్రి, ఒడిశాలో శ్రద్ధ పేర్లతో ప్రభుత్వ క్లినిక్‌లు ఏర్పాటయ్యాయి. తెలుగువాళ్లున్న తాలూకాల్లో ఈ క్లినిక్‌ల సమాచారం తెలుగులో రాసి పెట్టడానికి, తెలుగు వచ్చిన ఆశా కార్యకర్తను తోడు పంపడానికి పెద్ద ఖర్చేమీ కాదు. మన సంఘాలు ఉగాది సభల్లో చేసే తీర్మానాల్లో దీన్నీ ఒకటిగా చేర్చి అధికారులను అడగాలి. తల్లులు కూడా వాము నీళ్లు కాచి ఇస్తూనే, అవసరమైతే జంకకుండా పిల్లను ఆసుపత్రికి తీసుకెళ్లాలి.