తీర్పులు వీధి కుక్కకు... జాగ్రత్తలు ఇంటి కుక్కకు

గ్రేహౌండ్స్ అనగానే తెలుగువాళ్లకు ముందు గుర్తొచ్చేది 1989లో ఏర్పడిన పోలీసు దళం. ఆ పేరుకు మూలమైన కుక్కను దగ్గర నుంచి చూసినవాళ్లు మాత్రం మొన్నటి దాకా తక్కువే. ఇప్పుడు పరిస్థితి మారింది. పొడవాటి కాళ్లు, లోపలికి లాగేసినట్టుండే కడుపు, కోల మొహం ఉన్న ఈ కుక్కలు నెల్లూరు, ఆత్మకూరు లాంటి ఊళ్లలోనే కాదు, మర్రిపాడు, ఉదయగిరి మెట్ట పల్లెల్లోనూ గేటు వెనక కనిపిస్తున్నాయి. అసలు గ్రేహౌండ్లు కొన్నయితే, దాని పోలికలున్న ముధోల్, రాజపాళయం, చిప్పిపారై లాంటి మన దేశపు వేటజాతులు మరికొన్ని. 2020 ఆగస్టు 30న ‘మన్ కీ బాత్’లో ప్రధాని ఈ దేశీ జాతుల గురించి మాట్లాడిన తర్వాత వాటి మీద మోజు ఇంకా పెరిగింది.

కుక్కను పెంచుకోవడం మంచిదే. కానీ ఆసుపత్రిలో కూర్చున్న నాకు ఈ మోజు రెండో వైపు కూడా కనిపిస్తుంది.

మొన్న మే నెలలో ఒక మాస్టారు తొమ్మిదేళ్ల కొడుకును తీసుకొచ్చారు. పిల్లాడి అరచేతి మీద, మణికట్టు దగ్గర పళ్లగాట్లు. గాయాల నిండా పసుపు.

‘‘ఎప్పుడు కరిచింది మాస్టారూ?’’

‘‘మూడు రోజులైంది డాక్టర్ గారూ. మా కుక్కే కదా, గేటు దాటదు. అందుకే పసుపు పెట్టి ఊరుకున్నాం.’’

‘‘దానికి రేబిస్ టీకా వేయించారా?’’

‘‘అమ్మినాయన వేయించానన్నాడు.’’

‘‘కార్డు ఉందా?’’

మాస్టారు మాట్లాడలేదు. పిల్లాణ్ని అడిగితే మిగతాది తెలిసింది. మధ్యాహ్నం రేకుల షెడ్డు కింద గొలుసుతో కట్టేసిన కుక్క నిద్రపోతోంది. వీడు వెనక నుంచి వెళ్లి మెడ చుట్టూ చేతులేశాడు. అది ఉలిక్కిపడి కరిచింది. ఇందులో పిల్లాడి తప్పు లేదు, కుక్క తప్పూ లేదు. దాని శరీరం, దాని స్వభావం ఇంట్లో ఎవరికీ తెలియకపోవడమే అసలు తప్పు.

కోర్టులో నడిచిన చర్చ, మన ఇంట్లో జరగని చర్చ

2025 అంతా దేశం కుక్కల గురించే మాట్లాడుకుంది. ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ పరిసరాల్లోని వీధి కుక్కలన్నిటినీ పట్టి షెల్టర్లకు తరలించాలంది. ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని సవరించింది. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలాలని, రేబిస్ అనుమానం ఉన్నవాటిని, దూకుడుగా ఉన్నవాటిని మాత్రం వదలొద్దని చెప్పింది. నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల నుంచి కుక్కలను తొలగించాలని ఆదేశించింది.

ఈ చర్చ అవసరమే. 2024లో దేశంలో 37 లక్షలకు పైగా కుక్కకాట్లు నమోదయ్యాయని, 54 రేబిస్ అనుమానిత మరణాలు ఉన్నాయని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. కానీ ఈ చర్చంతా గేటు బయటే ఆగిపోయింది. మా ఓపీ చీటీ మీద ‘కుక్కకాటు’ అని రాసి, ఏ కుక్క అని అడిగితే, ‘‘మా కుక్కే సార్’’, ‘‘పక్కింటి వాళ్లది సార్’’ అన్న జవాబులు తరచూ వింటాను. వీధి కుక్కకు టీకా వేయించాల్సింది పంచాయతీ, మున్సిపాలిటీ. ఇంటి కుక్కకు వేయించాల్సింది మీరే. దానికి ఏ తీర్పు కోసమూ ఎదురుచూడనక్కర్లేదు.

‘ఇంటి కుక్కకు రేబిస్ రాదు’ అన్న నమ్మకం ప్రమాదకరం. ఉత్తరప్రదేశ్‌లో ఒక యువ కబడ్డీ ఆటగాడు కాలువలో పడ్డ కుక్కపిల్లను కాపాడబోయి కరిపించుకున్నాడు. చిన్న గాటే అని టీకా వేయించుకోలేదు. 2025 జూన్‌లో రేబిస్‌తో చనిపోయాడు. ఈ జబ్బు లక్షణాలు మొదలయ్యాక మా చేతిలో మందు ఏమీ ఉండదు. అంతకు ముందు పూర్తి రక్షణ ఉంది.

కరిస్తే ఏం చేయాలి?

కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది కానీ సగం వైద్యం అక్కడే ఉంది. పసుపు, కారం, సున్నం, కాఫీపొడి ఏవీ పెట్టొద్దు. కట్టు బిగించొద్దు. అదే రోజు ఆసుపత్రికి రండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో టీకా ఉచితం. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో మొదటి రోజు, తర్వాత 3, 7, 28వ రోజుల్లో వేయించుకోవాలి. రక్తం వచ్చిన గాయమైతే దాని చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా వేయాలి. ‘పది రోజులు కుక్కను చూసి అప్పుడు వెళ్దాం’ అనుకోవద్దు. ముందు టీకా మొదలుపెట్టి, పది రోజులు కుక్కను గమనించడం సరైన వరస. గర్భిణులు, పసిపిల్లలు, బాలింతలు ఎవరైనా ఈ టీకా వేయించుకోవచ్చు.

ఈ కుక్క మామూలు కుక్క కాదు

నేను మనుషుల డాక్టరును. కుక్కకు వైద్యం చేయాల్సింది పశువైద్యుడే. అయినా ఈ జాతిని పెంచే ప్రతి ఇంటివారికీ కొన్ని సంగతులు తెలిసి ఉండాలి.

గ్రేహౌండ్ గంటకు 60 కిలోమీటర్లకు పైగా వేగంతో పరుగెత్తుతుంది. ఆ పరుగు కోసమే దాని ఒళ్లు అలా తయారైంది. చర్మం పలచన, వెంట్రుకలు పొట్టి, చర్మం కింద కొవ్వు చాలా తక్కువ. అందుకే ఎండకూ ఓర్చుకోలేదు, చలికీ ఓర్చుకోలేదు. మన మెట్టలో రోహిణి కార్తె ఎండకు మనుషులే నిలవలేరు. అలాంటప్పుడు రేకుల కింద గొలుసుతో కట్టేయడమంటే దాన్ని పెనం మీద పెట్టినట్టే. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాపి రొప్పడం ద్వారానే ఒంట్లోని వేడి పోగొట్టుకుంటుంది.

వేసవిలో నడక పొద్దున ఆరున్నర లోపు, లేదా బాగా పొద్దుపోయాక. ముందు మీ చేతి వెనక భాగాన్ని రోడ్డు మీద ఆనించి చూడండి. ఏడు సెకన్లు ఉంచలేకపోతే దాని పాదాలూ కాలతాయి. కుక్క ఆగకుండా రొప్పుతూ, చొంగ కార్చుతూ, తూలుతుంటే వడదెబ్బే. వెంటనే నీడకు చేర్చి, ఒళ్లంతా మామూలు చల్లటి నీళ్లు పోసి, ఫ్యాను పెట్టండి. ఒళ్లు చల్లబరచడం మొదలుపెట్టాకే పశువైద్యుడి దగ్గరకు బయల్దేరండి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో నీళ్లు పోయొద్దు.

కండ తప్ప కొవ్వు లేని ఒళ్లు కాబట్టి గచ్చు మీద పడుకుంటే మోచేతులు, తుంటి దగ్గర పుండ్లు పడతాయి. పాత చీరలతో కుట్టిన బొంత ఒకటి వేస్తే చాలు. డిసెంబరు, జనవరి రాత్రుళ్లు కప్పడానికి మరొకటి. పడుకునే చోటు మనుషులు తిరిగే దారిలో ఉండకూడదు. ఈ జాతిలో కొన్ని కళ్లు సగం తెరిచే నిద్రపోతాయి. ముట్టుకుంటే ఉలిక్కిపడి కరిచేస్తాయి. కాబట్టి పిల్లలకు ఒకే నియమం నేర్పండి: పడుకున్న కుక్కను ముట్టుకోకూడదు, దూరం నుంచి పేరు పెట్టి పిలవాలి.

తిండిలో తప్పులు

‘బక్కచిక్కింది’ అని అదే పనిగా అన్నం కుక్కవద్దు. ఆరోగ్యంగా ఉన్న గ్రేహౌండ్‌కు చివరి రెండు మూడు పక్కటెముకలు లీలగా కనిపిస్తాయి. ఒక్కసారే కడుపు నిండా పెట్టకుండా రోజుకు రెండుసార్లు పెట్టండి. తిన్న వెంటనే పరుగెత్తించొద్దు. లోతైన ఛాతీ ఉన్న కుక్కల్లో కడుపు ఉబ్బి మెలితిరిగి, గంటల్లో ప్రాణం మీదకు రావచ్చు. కడుపు ఉబ్బి, వాంతి రాక ఓకరిస్తుంటే అది అత్యవసరం.

మన ఇళ్లలో మిగిలిన సాంబారు, పులుసు, బిరియానీ కుక్కకు వేయడం అలవాటు. వాటన్నిటిలో ఉల్లి, వెల్లుల్లి ఉంటాయి. అవి కుక్క ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కూడా విషమే. ఉడికించిన కోడి ఎముక చీలి పేగుల్లో గుచ్చుకుంటుంది. అన్నిటికంటే ముఖ్యం, జ్వరం వచ్చిందని మీ బీరువాలోని పారాసిటమాల్, ఇబుప్రొఫెన్ మాత్ర వేయొద్దు. మనకు మేలు చేసే మోతాదు దాని కాలేయాన్నో, కిడ్నీలనో దెబ్బతీయవచ్చు.

రక్తపరీక్ష, మత్తుమందు

ఈ జాతిలో ఎర్రకణాల శాతం మిగతా కుక్కల కంటే సహజంగానే ఎక్కువ. ప్లేట్‌లెట్లు, థైరాయిడ్ హార్మోను తక్కువ. తెలియకపోతే లేని జబ్బుకు మందులు వాడే ప్రమాదం ఉంది. థయోపెంటాల్ లాంటి కొన్ని మత్తుమందుల నుంచి ఇవి చాలా ఆలస్యంగా కోలుకుంటాయి. ఆపరేషన్‌కు, పళ్లు శుభ్రం చేయించడానికి తీసుకెళ్లినప్పుడు ‘ఇది గ్రేహౌండ్ జాతి అండీ’ అని మీరే ముందు చెప్పండి.

పిడుదులను వారానికోసారి చెవుల్లో, వేళ్ల సందుల్లో వెతకండి. పిడుదుల జ్వరంలోనూ ప్లేట్‌లెట్లు పడిపోతాయి. ముక్కు నుంచి రక్తం కారినా, తిండి మానేసినా ఆలస్యం చేయొద్దు. కొందరు స్క్రబ్ టైఫస్ కుక్క పిడుదుల వల్ల వస్తుందని భయపడుతున్నారు. అది నిజం కాదు. పొదల్లో, గడ్డిలో ఉండే అతిచిన్న పురుగు పిల్లలు మనల్ని కుట్టడం వల్ల అది వస్తుంది.

గేటు దాటితే బాధ్యత మీదే

గ్రేహౌండ్ తల కంటే మెడ లావు. మామూలు పట్టీ వెనక్కి లాగితే జారిపోతుంది. లాగితే బిగిసే వెడల్పాటి పట్టీ గానీ, ఛాతీకి తొడిగే పట్టీ గానీ వాడండి. కదిలేదాన్ని తరమడం దాని రక్తంలోనే ఉంది. మన వైపు గొర్రెల మందలకు, బడి పిల్లల సైకిళ్లకు, హైవే లారీలకు కొదవ లేదు. పట్టీ లేకుండా వదలొద్దు. కుక్క వల్ల మనుషులకు ప్రమాదం ఉందని తెలిసీ నిర్లక్ష్యం చేస్తే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు లేదా అయిదు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఇక వెలిగొండ అంచుల్లో కుందేలు, ఉడుము మీదకు ఉసిగొల్పడం సరదా కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

టీకా కార్డు కూడా కుటుంబ పత్రమే

రేబిస్ టీకా మూడు నెలల వయసులో మొదలుపెట్టి, పశువైద్యుడు చెప్పినప్పుడు రెండోది, తర్వాత ఏటా వేయించాలి. పార్వో, డిస్టెంపర్, లెప్టోస్పైరోసిస్ టీకాలు, నులిపురుగుల మందు విడిగా ఉంటాయి. 1885 జులై 6న పాశ్చర్ ఒక బాలుడికి తొలి రేబిస్ టీకా ఇచ్చాడు. ఆ రోజున మన రాష్ట్రంలో పశువైద్యశాలల్లో కుక్కలకు ఉచిత టీకా శిబిరాలు పెట్టడం ఆనవాయితీ. క్యాలెండర్లో గుర్తు పెట్టుకోండి. పెద్ద కుక్కను కొంటే అమ్మినవాళ్ల మాట కాదు, తేదీ, పశువైద్యుడి సంతకం ఉన్న కార్డు అడగండి. అది లేకపోతే టీకా వేయనట్టే లెక్క.

మాస్టారి అబ్బాయికి ఆ రోజే గాయం కడిగి, ఇమ్యునోగ్లోబ్యులిన్, టీకా వేశాం. కుక్క పది రోజులూ ఆరోగ్యంగానే ఉంది. 28వ రోజు చివరి డోసుకు వచ్చినప్పుడు మాస్టారు జేబులోంచి ఒక పసుపుపచ్చ కార్డు తీసి బల్ల మీద పెట్టారు. కుక్క టీకా కార్డు. ‘‘షెడ్డులోంచి తీసుకొచ్చి వరండాలో బొంత వేశాం సార్’’ అన్నారు. ఈసారి పిల్లాడే అందుకున్నాడు: ‘‘నేనిప్పుడు దూరం నుంచే పిలుస్తాను.’’

ఈ రాత్రి పడుకునే ముందు మీ ఇంట్లో ఆ కార్డు ఎక్కడుందో ఒక్కసారి చూడండి. కనిపించకపోతే రేపు పొద్దున్నే పశువైద్యశాలకు వెళ్లండి.