బైబిలు ఎవరి చేతిలో వుంది?

అమెరికాలో ఎన్నికలొస్తే తెల్లజాతి సువార్త సంఘాల వాళ్లు దాదాపు ఒకే పార్టీ వెనక నిలబడతారు. 2016లో వాళ్లలో నూటికి 80 మంది దాకా ట్రంప్‌కి ఓటేశారు. ఎందుకయ్యా అంటే కడుపులో బిడ్డను కాపాడటానికి అంటారు. 2022లో అక్కడి సుప్రీంకోర్టు గర్భస్రావం హక్కును కొట్టేసింది. ఆ తీర్పులో చేయి కలిపిన ముగ్గురు జడ్జీల్ని వేసింది ట్రంపే. డబ్బున్నామె పక్క రాష్ట్రానికి పోతుంది. రెక్కాడితేగాని డొక్కాడని నల్ల ఆడమనిషి ఎక్కడికి పోతుంది?

అయితే ఈ రాజకీయం కడుపు దగ్గర మొదలైందా? కాదు, బడి దగ్గర మొదలైంది అంటున్నాం మేం.

1954లో నల్లపిల్లలకో బడి, తెల్లపిల్లలకో బడి చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. బడిలో మన పిల్లల్ని విడిగా కూచోబెట్టిన వూళ్లకు ఆ గోడ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. దక్షిణాది తెల్లవాళ్లు ఏం చేశారు? సొంత బడులు పెట్టుకున్నారు. చాలావాటికి క్రీస్తు పేరు తగిలించారు. ధర్మసంస్థ కాబట్టి పన్ను లేదు! 1970ల్లో సర్కారు కళ్లు తెరిచి, నల్లవాళ్లను దూరంపెట్టే బడికి పన్ను మినహాయింపు లేదంది. బాబ్ జోన్స్ అనే క్రైస్తవ యూనివర్సిటీకి 1976లో మినహాయింపు తీసేశారు. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ జంటగా తిరగకూడదన్న కట్టడి అక్కడ 2000 దాకా నడిచింది. 1978లో అలాంటి బడులన్నిటికీ నిబంధన పెట్టబోతే సంఘాలు భగ్గుమన్నాయి.

మరుసటేడు, 1979లో, జెర్రీ ఫాల్వెల్ అనే పాస్టరు ‘మోరల్ మెజారిటీ’ సంస్థ పెట్టాడు. పౌరహక్కుల వూరేగింపుల్లో నడిచే పాస్టర్లను చూసి, బోధకుడికి రాజకీయాలెందుకని 1965లో ప్రసంగించిందీ ఈయనే! నల్లవాళ్లు హక్కడిగితే రాజకీయం తప్పు. తెల్లబడికి పన్ను పడితే రాజకీయం దైవకార్యం. 1980లో సండేస్కూలు పాఠాలు చెప్పే బాప్టిస్టు కార్టర్‌ను కాదని వీళ్లు రీగన్ని భుజానికెత్తుకున్నారు.

మరి గర్భస్రావం మాటో? ఆ దేశంలో అతిపెద్ద ప్రొటెస్టెంటు సంఘమైన సదరన్ బాప్టిస్టులే 1971లో, కొన్ని పరిస్థితుల్లో దాన్ని చట్టం ఒప్పుకోవాలని తీర్మానం చేశారు. అది జెండా అయింది తర్వాతే.

అసలీ సంఘం 1845లో ఎందుకు పుట్టింది? బానిసల యజమానిని మిషనరీగా పంపొచ్చా అన్న తగవులో, పంపొచ్చన్న వాళ్లు విడిపోయి పెట్టుకున్నారు. బానిసత్వాన్ని సమర్థించినందుకు క్షమాపణ చెప్పింది 1995లో. నూటయాభై ఏళ్లు పట్టింది!

ఆ చీలికలో అవతల మిగిలిన ఉత్తరాది బాప్టిస్టులు పంపిన క్లౌ దొరే మన ఒంగోలు ప్రాంతపు మాదిగవాడలకొచ్చాడు. 1878లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మార్టిన్ లూథర్ కింగ్ కూడా బాప్టిస్టు పాస్టరే. పుస్తకం ఒక్కటే. పట్టుకున్న చేతులు వేరు.

కాబట్టి మేం బైబిలును తప్పుపట్టడంలేదు. మన వాడల్లోకి అక్షరం వచ్చిన దారుల్లో అదొకటి. మతం మారినోళ్ల మీద కర్రలెత్తేవాళ్లు ఈ రాత చూసి సంబరపడనక్కర్లేదు. దేవుడి పేరున మెజారిటీని కూడగట్టి, బడినీ కోర్టునీ చేతిలో పెట్టుకోవడం వాళ్లకూ బాగా తెలిసిన విద్యే.

మేం చెప్పేదొకటే. చర్చిలోగానీ గుడిలోగానీ, దేవుడి పేరు చెప్పి ఓటడిగే ఏ పెద్దమనిషినైనా నిలబెట్టి అడగండి. మా పిల్లలు కూచునే బడి గురించి ఏమంటావు? మా కూలి గురించి, మా భూమి గురించి ఏమంటావు? మా ఆడవాళ్ల మీద చేయి పడితే ఎవరి పక్క నిలబడతావు?

జవాబు చెప్పకుండా మోకాళ్లూనమంటే, లేచి నిలబడండి.